మీ ఇంటి నెట్ వైరు మీద పెత్తనం ఎవరిది?

2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ వెంటనే విద్యుత్తు పంపిణీ సంస్థ సిబ్బంది నగరంలో స్తంభాలకు వేలాడుతున్న కేబుళ్లను కోయడం మొదలుపెట్టారు. కాలనీలకు కాలనీల్లో నెట్ పోయింది. ఇంటి నుంచి పనిచేసేవాళ్ల పని ఆగిపోయింది. గొడవ హైకోర్టు దాకా వెళ్లింది.

ఆ ఒక్క తగువులో ఎంతమంది చేతులున్నాయో చూడండి. స్తంభం రాష్ట్ర విద్యుత్తు సంస్థది. దాని మీది వైరు నెట్ కంపెనీదో, వీధి కేబుల్ ఆపరేటర్‌దో. ఆ కంపెనీకి లైసెన్సు ఇచ్చింది ఢిల్లీలోని టెలికాం శాఖ. ప్యాక్‌ల ధరలకు, సేవల నాణ్యతకు హద్దులు గీసేది టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్. ఫలానా సైటు కనపడకూడదని ఉత్తర్వు ఇచ్చేది ఇంకో మంత్రిత్వశాఖ. "నెట్ కంపెనీల మీద ప్రభుత్వ నియంత్రణ ఉండాలా, వద్దా?" అన్న చర్చ ఎప్పుడూ చిక్కుపడిపోవడానికి కారణం ఇదే. ఒకరు ధరల గురించి మాట్లాడుతుంటే ఇంకొకరు సైట్ల నిషేధం గురించి మాట్లాడుతుంటారు. ఇద్దరూ వాడే మాట మాత్రం నియంత్రణే.

ఐఎస్‌పీ ఎవరు, దాని పైన ఎవరు

మన ఫోనునో రూటర్‌నో ప్రపంచంలోని మిగతా నెట్‌వర్క్‌లతో కలిపేది ఇంటర్నెట్ సర్వీస్ ప్రొవైడర్, పొట్టిగా ఐఎస్‌పీ. మన దేశంలో 1995 ఆగస్టు 15న ప్రభుత్వ సంస్థ వీఎస్‌ఎన్‌ఎల్ ప్రజలకు ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టింది. ప్రైవేటు కంపెనీలకు తలుపులు తెరుచుకున్నది 1998లో. ఐఎస్‌పీ లైసెన్సుల్లో మూడు తరగతులున్నాయి: దేశమంతటికీ ‘ఎ’, ఒక టెలికాం సర్కిల్‌కు (సుమారు ఒక రాష్ట్రమంత) ‘బి’, జిల్లా స్థాయి చిన్న ప్రాంతానికి ‘సి’. మన వీధిలో వైరు లాగే కేబుల్ ఆపరేటర్‌కు చాలాసార్లు సొంత లైసెన్సు ఉండదు. పెద్ద ఐఎస్‌పీతో ఒప్పందం చేసుకుని, దాని పేరు మీద కనెక్షన్లు ఇస్తాడు. బిల్లు మీద ఉన్న పేరు ఒకరిది, ఇంటికొచ్చి వైరు అతికేది ఇంకొకరు. నెట్ పోయినప్పుడు బాధ్యత ఎవరిదన్న తగువు ఇక్కడే పుడుతుంది.

ప్రభుత్వం కూడా ఈ వ్యాపారంలో ఉంది. బీఎస్‌ఎన్‌ఎల్ కేంద్రానిది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ లాగి, స్థానిక కేబుల్ ఆపరేటర్ల ద్వారా ఇళ్లకు చేరింది. 2017 డిసెంబరులో ప్రారంభమైనప్పుడు మొదటి ప్యాక్ నెలకు రూ. 149. తెలంగాణ టీ-ఫైబర్ మిషన్ భగీరథ మంచినీటి పైపుల కందకాల్లోనే కేబుల్ వేసింది. లైసెన్సు ఇచ్చే ప్రభుత్వమే పోటీదారు కూడా అయినప్పుడు మధ్యలో తీర్పరి ఒకరు ఉండాలి. 1997లో ట్రాయ్‌ని చట్టం ద్వారా ఏర్పాటు చేసింది అందుకే. వివాదాల విచారణకు 2000లో టీడీశాట్ అనే ట్రిబ్యునల్ వేరుగా వచ్చింది.

ట్రాయ్ గురించి ఒక్క సంగతి తెలిస్తే మిగతా కథంతా సులువుగా అర్థమవుతుంది. ధరలు, సేవా నాణ్యత విషయాల్లో అది సొంతంగా నిబంధనలు చేయగలదు. లైసెన్సు షరతుల విషయంలో మాత్రం సిఫార్సు చేయడం వరకే దాని పని. ఒప్పుకోవాలో లేదో టెలికాం శాఖ తేల్చుకుంటుంది. నెట్ న్యూట్రాలిటీ (ఏ సైటు, ఏ యాప్ అని చూడకుండా కంపెనీ అన్నిటినీ ఒకేలా చేరవేయాలన్న నియమం) మన దగ్గర ధర, వేగం అన్న రెండు ముక్కలుగా, రెండేళ్ల తేడాతో రావడానికి ఇదే కారణం.

నాలుగు రకాల నియంత్రణ, ఒకటే పేరు

మొదటిది ప్రవేశం: ఎవరు ఐఎస్‌పీ కావచ్చు, ఏ ఫీజు కట్టాలి, వైరు ఎక్కడ వేయవచ్చు. రామంతాపూర్ తరవాతి గొడవ ఈ కోవలోది. 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త రైట్ ఆఫ్ వే (వైర్లు వేసుకునే హక్కు) నిబంధనలు తీర్చాలని చూస్తున్నదీ దీన్నే. రెండోది సేవ: ధర, వేగం, నెట్ పోతే పరిహారం. మూడోది తటస్థత, అంటే న్యూట్రాలిటీ: వైరులో పోయే సరుకును చూసి కంపెనీ పక్షపాతం చూపకూడదన్న నియమం. నాలుగోది ఆపివేత: ప్రభుత్వమే కంపెనీకి చెప్పి సైటునో, ఊరి మొత్తం నెట్‌నో ఆపించడం.

మొదటి మూడింటిలో ప్రభుత్వం వినియోగదారుడి తరఫున కంపెనీని కట్టడి చేస్తుంది, కనీసం ఉద్దేశం అది. నాలుగోదాంట్లో కంపెనీ ప్రభుత్వానికి చేతి పనిముట్టు అవుతుంది. మూడో నియమం కావాలనేవాళ్లలో చాలామంది నాలుగో అధికారాన్ని తగ్గించమంటారు. ఇందులో వైరుధ్యమేమీ లేదు. రెండు సందర్భాల్లోనూ వాళ్లు అడిగేది ఒకటే: చందాదారుడు అడిగిన ప్యాకెట్ (నెట్‌లో ప్రయాణించే డేటా ముక్క) అతనికి చేరాలని.

2015: ఫ్రీ అన్న మాట చుట్టూ జరిగిన పోరు

‘నెట్‌వర్క్ న్యూట్రాలిటీ’ అన్న పదాన్ని 2003లో ప్రచారంలోకి తెచ్చింది అమెరికా న్యాయశాస్త్ర ఆచార్యుడు టిమ్ వూ. మన దగ్గర అది సామాన్యుడి నోటికి ఎక్కింది 2015లో. 2014 డిసెంబరులో ఎయిర్‌టెల్ ఇంటర్నెట్ కాల్స్‌కు విడిగా ఛార్జీ వేస్తామని ప్రకటించి, జనం మండిపడటంతో కొద్ది రోజులకే వెనక్కి తీసుకుంది. 2015 మార్చిలో ట్రాయ్ దీని మీద చర్చాపత్రం విడుదల చేస్తే పది లక్షలకు పైగా ఈమెయిళ్లు వెళ్లాయి. ఏప్రిల్‌లో ఎయిర్‌టెల్ జీరో వచ్చింది. యాప్ కంపెనీ డబ్బు కడితే ఆ యాప్ వాడినందుకు చందాదారుడికి డేటా ఖర్చు ఉండదు. చేరాలనుకున్న ఫ్లిప్‌కార్ట్ వారం దాటేసరికి తప్పుకుంది.

వీటికన్నా పెద్ద పోరు ఫేస్‌బుక్ ఇంటర్నెట్.ఆర్గ్ మీద జరిగింది. 2015 ఫిబ్రవరిలో రిలయన్స్ కమ్యూనికేషన్స్‌తో కలిసి దాన్ని మొదలుపెట్టిన ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉన్నాయి. తరవాత పేరు ఫ్రీ బేసిక్స్‌గా మారింది. ఎంపిక చేసిన కొన్ని సైట్లు డేటా ఖర్చు లేకుండా చూడవచ్చు. మిగతా ఇంటర్నెట్‌కు ప్యాక్ కొనుక్కోవాలి.

అప్పటి లెక్క వేసి చూద్దాం. 2015లో ఒక జీబీ 3జీ డేటా సుమారు రూ. 250. విజయవాడలో ఇద్దరు కుర్రాళ్లు ఒక తెలుగు వార్తల యాప్ పెట్టారనుకోండి. చదివేవాడికి నెలకు 500 ఎంబీ ఖర్చయితే ఆ యాప్ వాడటానికి రూ. 125 అవుతుంది. ఉచిత జాబితాలో ఉన్న పోటీ యాప్‌కు అయ్యేది సున్నా. ఈ కుర్రాళ్ల యాప్ ఎంత బాగున్నా పాఠకుడు నెలకు రూ. 125 పెట్టి దాని దగ్గరికి రావాలి. వేగం తగ్గించలేదు, ఏదీ ఆపలేదు. ధర ఒక్కటే పోటీని తేల్చేసింది.

అవతలివైపు వాదన తేలిగ్గా తీసిపారేసేది కాదు. అప్పుడు నెట్ కొనలేనివాళ్లు కోట్లలో ఉన్నారు. ఏమీ లేనిచోట కొంతైనా నయం కదా, వికీపీడియా, వాతావరణ సమాచారం, ఉద్యోగ ప్రకటనలు ఉచితంగా అందితే పేదవాడికి నష్టమేమిటి అని అడిగారు. జవాబుగా వచ్చింది ఇది: జాబితాలో ఎవరుండాలో తేల్చేది ఒక కంపెనీ అయితే, కొత్తగా నెట్‌లోకి వచ్చేవాడికి ఆ జాబితానే ఇంటర్నెట్ అయి కూర్చుంటుంది. పేదలకు సాయం చేయాలంటే ఏ సైటుకైనా వాడుకోగల ఉచిత డేటా ఇవ్వవచ్చు.

2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ తేల్చేసింది. చూసే విషయాన్ని బట్టి డేటా ధర మారకూడదు. తప్పితే రోజుకు రూ. 50,000, గరిష్ఠంగా రూ. 50 లక్షల జరిమానా. అత్యవసర పరిస్థితులకు మినహాయింపు. ఇంటర్నెట్‌ను తాకకుండా కంపెనీ సొంత నెట్‌వర్క్ లోపలే తిరిగే సేవలకూ ఈ నిబంధన వర్తించదు. మూడు రోజులకు ఫేస్‌బుక్ ఫ్రీ బేసిక్స్‌ను దేశం నుంచి తీసేసింది.

ఇప్పటికీ చాలామందిని తికమకపెట్టే సంగతి ఒకటుంది. రీఛార్జితో పాటు ఓటీటీ సబ్‌స్క్రిప్షన్ ఉచితంగా ఇస్తే నిబంధన తప్పినట్టా? కాదు. అక్కడ ఉచితం సినిమా చందా. ఆ సినిమా చూస్తే కరిగే డేటా మామూలు లెక్కలోనే పోతుంది. ‘ఆ యాప్‌కు వాడిన డేటా లెక్కలోకి రాదు’ అని ప్యాక్‌లో రాస్తేనే తప్పు.

ఇంకో సంగతీ నిజాయతీగా చెప్పుకోవాలి. డేటాను చవక చేసింది ఈ నిబంధన కాదు. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక మొదలైన పోటీ. నియంత్రణ వద్దనేవాళ్లకు ఇది గట్టి సాక్ష్యం. కానీ అప్పుడు పదికి అటూ ఇటూగా ఉన్న మొబైల్ కంపెనీలు ఇప్పుడు జియో, ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా, బీఎస్‌ఎన్‌ఎల్ అనే నాలుగుకు వచ్చాయి. పోటీయే వినియోగదారుడిని కాపాడుతుందన్న వాదనకు 2016లో ఉన్నంత బలం ఈ రోజు లేదు.

400 ఇళ్లు, ఒక గిగాబిట్: రద్దీని సర్దడానికీ పక్షపాతానికీ తేడా

ధర ముక్క అలా తేలింది. వేగం ముక్క ఇంకా కష్టం. ఎందుకంటే ఏ ఐఎస్‌పీ అయినా ట్రాఫిక్‌ను ఎంతో కొంత సర్దక తప్పదు. ఎక్కడిదాకా సర్దుబాటు, ఎక్కడి నుంచి పక్షపాతం?

ఒక చిన్న పట్టణంలో 400 కనెక్షన్లున్న ఆపరేటర్‌ను ఊహించుకోండి. ఆఫీసులో ఓఎల్‌టీ అనే పెట్టె ఉంటుంది. దాని ఒక్కో పోర్టు నుంచి కిందికి సుమారు 2.5 జీబీపీఎస్ వెళుతుంది. ఆ ఒక్క ఫైబర్‌ను స్ప్లిటర్లతో 64 ఇళ్లకు పంచవచ్చు. ఇంట్లో గోడకు తగిలించే చిన్న పెట్టె ఓఎన్‌యూ. 400 ఇళ్లకు ఏడు పోర్టులు చాలు. ప్రతి ఇంటికీ అమ్మింది 100 ఎంబీపీఎస్ ప్యాక్. అందరూ ఒకేసారి పూర్తిగా వాడితే 40 జీబీపీఎస్ కావాలి. పై కంపెనీ నుంచి ఇతను కొన్నది 1 జీబీపీఎస్.

ఇది మోసం కాదు. అందరూ ఒకేసారి వాడరు. మధ్యాహ్నం మూడింటికి చూస్తే 150 ఎంబీపీఎస్ కూడా దాటదు. ఐపీఎల్ మ్యాచ్ రాత్రి తొమ్మిదింటికి చూడండి. హెచ్‌డీ వీడియోకు సుమారు 5 ఎంబీపీఎస్ పడుతుంది. 200 ఇళ్లలో టీవీ పెడితే 1 జీబీపీఎస్ నిండిపోయింది. రద్దీ వేళలో లింకు వాడకం 80 శాతం దాటకూడదని ట్రాయ్ నాణ్యతా ప్రమాణం. దాని లెక్కన ఈ లింకు మోయగలిగింది 160 ఇళ్లనే. 80 శాతం దగ్గరే గీత ఎందుకు గీశారంటే, నిండే దశకు వచ్చిన లింకులో ప్యాకెట్లు వరస కడతాయి. పది మిల్లీసెకన్లలో వచ్చే జవాబు రెండు మూడు వందల మిల్లీసెకన్లకు పోతుంది. వరస పట్టక కొన్ని ప్యాకెట్లు రాలిపోతాయి. అవతలి సర్వరు వాటిని మళ్లీ పంపుతూ వేగం తగ్గించుకుంటుంది. వాట్సాప్ కాల్‌లో గొంతు తెగిపోవడం, పరీక్ష ఫారం ‘సబ్మిట్’ దగ్గర తిరుగుతూ ఉండిపోవడం అప్పుడే.

ఆపరేటర్ ఏం చేయగలడు? ఇంకో గిగాబిట్ కొనవచ్చు, ఖర్చు పెరుగుతుంది. పెద్ద వీడియో కంపెనీల క్యాష్ సర్వర్లను, అంటే వీడియోల నకళ్లు దాచి ఉంచే పెట్టెలను, తన దగ్గరే పెట్టుకోవచ్చు. ఒకసారి కిందికి వచ్చిన వీడియో 200 ఇళ్లకు అక్కడి నుంచే వెళుతుంది, పై లింకు ఖాళీ అవుతుంది. కానీ ఆ పెట్టెలు తగినంత ట్రాఫిక్ ఉన్న ఐఎస్‌పీలకే ఇస్తారు. చిన్నవాడికి పై కంపెనీ క్యాష్ మీద ఆధారపడటమే దారి. ఇవేవీ చేయకపోతే ఉన్న గిగాబిట్‌ను సర్దాలి.

సర్దడంలోనే తేడా తెలుస్తుంది. రద్దీ ఉన్నంతసేపు ఇంటికి 2.5 ఎంబీపీఎస్ చొప్పున సమానంగా పంచితే ఎవరికీ అన్యాయం జరగదు. ఏ కంపెనీ యాప్ అని చూడకుండా వాయిస్ కాల్స్‌ను ముందు పంపినా ఒప్పే, ఎందుకంటే కాల్ ఆలస్యాన్ని ఓర్చుకోలేదు, డౌన్‌లోడ్ ఓర్చుకుంటుంది. డబ్బు కట్టలేదని ఒక వీడియో యాప్‌ను మాత్రమే నెమ్మదిస్తే అది పక్షపాతం. ఇక నాలుగోరకం: రద్దీ ఉన్నా లేకపోయినా పగలంతా అన్ని వీడియోలనూ 480పీ దగ్గర ఆపడం. ఒక్క కంపెనీ మీద కక్ష లేదు కదా అని అడగవచ్చు. కానీ 2017 నవంబరు 28 నాటి ట్రాయ్ సిఫార్సుల్లో సర్దుబాటుకు మూడు షరతులున్నాయి: అవసరానికి తగినంతే ఉండాలి, తాత్కాలికంగా ఉండాలి, ఏం చేస్తున్నారో బయటికి చెప్పాలి. పగలంతా చేసేది తాత్కాలికం కాదు కాబట్టి ఆ పరీక్షలో అది నిలవదు.

టెలికాం శాఖ ఈ సిఫార్సులను 2018 జులైలో ఆమోదించి, ఆ ఏడాదే లైసెన్సు షరతుల్లో చేర్చింది. క్యాష్ సర్వర్ల ఏర్పాటును, ‘ప్రత్యేక సేవ’లను దీని పరిధి నుంచి తప్పించింది. ప్రత్యేక సేవ అంటే మామూలు ఇంటర్నెట్‌కు బదులుగా వాడుకోలేనిది, దాని నాణ్యతను తినేయనిది. దూరం నుంచి చేసే శస్త్రచికిత్సకు కేటాయించే మార్గం లాంటిది. 5జీలో ఒకే నెట్‌వర్క్‌ను స్లైసులుగా కోసి అమ్మే వీలు వచ్చాక చిక్కు ఇక్కడే మొదలైంది. ఆసుపత్రికి ఇచ్చే స్లైసు ప్రత్యేక సేవే. గేమింగ్ కంపెనీకి ఇచ్చేది? గేమ్ మామూలు ఇంటర్నెట్ మీదా నడుస్తుంది కాబట్టి, ఈ నిర్వచనం ప్రకారం చూస్తే ఆ మినహాయింపు దానికి అతకదు. కొత్త టెక్నాలజీతో సంపాదించుకోనివ్వకపోతే పెట్టుబడి ఎలా తిరిగొస్తుందన్నది కంపెనీల ప్రశ్న. స్పెక్ట్రమ్ కోసం అవి కట్టిన సొమ్ము చూస్తే ఆ ప్రశ్న అర్థమవుతుంది.

కనిపించే వివక్ష, కనిపించని వివక్ష

ఈ రెండు ముక్కల నిబంధనల్లో మొదటిది బాగా పనిచేసింది. రెండోది పనిచేస్తోందో లేదో బయటివాళ్లకు తెలిసే దారి లేదు. కారణం సాదాసీదా. ధరలో వివక్ష ప్యాక్ ప్రకటనలోనే కనిపిస్తుంది. ఎవరైనా ఫొటో తీసి ట్రాయ్‌కు చూపించవచ్చు. వేగంలో వివక్ష రూటర్ లోపలి ఒక సెట్టింగు.

స్పీడ్ టెస్ట్‌లో 100 చూపిస్తుంది, వీడియో మాత్రం తిరుగుతూ ఉంటుంది. దీనికి మూడు కారణాలు ఉండవచ్చు. ఒకటి, టెస్ట్ సర్వరు చాలాసార్లు ఐఎస్‌పీ నెట్‌వర్క్‌లోనో దాని పక్కనో ఉంటుంది. పై లింకు నిండినా ఆ టెస్ట్‌కు అడ్డం రాదు. రెండు, మన ఐఎస్‌పీ, వీడియో కంపెనీ నెట్‌వర్క్‌లు కలిసే చోట లింకు ఇరుకుగా ఉండవచ్చు. మూడు, నిజంగానే నెమ్మదించి ఉండవచ్చు. వీపీఎన్ పెడితే వీడియో బాగా ఆడిందని కొందరు వెంటనే వివక్ష అని తీర్మానిస్తారు. అది పూర్తి రుజువు కాదు. వీపీఎన్ ప్యాకెట్లను దాచడమే కాదు, దారి కూడా మారుస్తుంది. ఇరుకు లింకును తప్పించుకుని వెళ్లినా ఇదే ఫలితం వస్తుంది.

ఈ రెండింటినీ విడదీసే పద్ధతి ఉంది. అమెరికాలోని నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీ పరిశోధకులు చేసిన వీహీ అనే యాప్ ఒక వీడియో సేవ ట్రాఫిక్‌ను రికార్డు చేసినట్టే ఒకసారి పంపుతుంది. తరవాత అదే పరిమాణంలో, గుర్తుపట్టడానికి వీల్లేకుండా మార్చి ఇంకోసారి పంపుతుంది. రెండూ ఒకే సర్వరు నుంచి వస్తాయి కాబట్టి దారి తేడా ఉండదు. గుర్తుపట్టగలిగినది నెమ్మదిగా, గుర్తుపట్టలేనిది వేగంగా వస్తే మధ్యలో ఎవరో చూసి ఆపుతున్నట్టే. ఫ్రాన్స్ టెలికాం నియంత్రణ సంస్థ ఆర్సెప్ 2018లోనే దీన్ని ప్రజల చేతికిచ్చింది. మన దగ్గర ఇలాంటి పర్యవేక్షణకు కంపెనీలు, పరిశోధకులు, వినియోగదారుల సంఘాలు కలిసిన ఒక వేదిక ఉండాలని 2020 సెప్టెంబరులో ట్రాయ్ చెప్పింది. లైసెన్సు విషయం కాబట్టి అది సిఫార్సే. ఏర్పాటు చేయాల్సింది టెలికాం శాఖ. నా దృష్టిలో మొత్తం చర్చలో అన్నిటికన్నా తక్కువగా మాట్లాడుకుంటున్నదీ, అన్నిటికన్నా అవసరమైనదీ ఈ కొలిచే పనే.

పెద్ద యాప్‌లు వాటా కట్టాలా?

2023 నుంచి టెలికాం కంపెనీల సంఘం సీఓఏఐ గట్టిగా అడుగుతున్నది ఇది. నెట్‌వర్క్‌లో ఎక్కువ ట్రాఫిక్ కొద్ది వీడియో, సోషల్ మీడియా కంపెనీలదే. టవర్లు, ఫైబర్ ఖర్చు మాది, లాభం వాళ్లది, కాబట్టి ‘న్యాయమైన వాటా’ ఇవ్వాలి అని.

గంటసేపు 5 ఎంబీపీఎస్ వీడియో చూస్తే 2.25 జీబీ అవుతుంది. 28 రోజులకు రోజూ 1.5 జీబీ ఇచ్చే రూ. 299 ప్యాక్‌లో మొత్తం 42 జీబీ, అంటే జీబీకి సుమారు రూ. 7. ఆ గంటకు చందాదారుడు దాదాపు రూ. 16 కట్టేసినట్టే. అదే డేటాకు వీడియో కంపెనీ దగ్గర కూడా వసూలు చేస్తే రెండుసార్లు తీసుకున్నట్టని యాప్ కంపెనీల వాదన. టెలికాం వాళ్ల జవాబు: చందాదారుడు కట్టేది ప్రపంచంలోనే చవక ధర. ఆ డబ్బుతో ఏడాదికేడాది పెరిగే వీడియో భారాన్ని మోయలేం. ఎవరో ఒకరు కట్టాలి, లేదంటే ప్యాక్‌ల ధర పెరుగుతుంది.

ఈ దారిలో ముందు నడిచిన దేశం దక్షిణ కొరియా. ట్రాఫిక్ పంపేవాళ్లు చెల్లించాలన్న నిబంధన అక్కడ 2016 నుంచి ఉంది. ఎస్‌కే బ్రాడ్‌బ్యాండ్, నెట్‌ఫ్లిక్స్ మధ్య ఏళ్లపాటు నడిచిన కోర్టు గొడవ 2023 సెప్టెంబరులో రాజీతో ముగిసింది. గేమ్ స్ట్రీమింగ్ సంస్థ ట్విచ్ మొదట వీడియో నాణ్యతను 720పీకి తగ్గించింది. చివరికి నెట్‌వర్క్ ఖర్చులు మోయలేమంటూ 2024 ఫిబ్రవరిలో ఆ దేశం వదిలిపోయింది. నెట్‌ఫ్లిక్స్ లాంటి సంస్థ బేరమాడగలదు, చిన్నది ఆడలేదు. ఇక్కడ ఆ నిబంధన వస్తే దెబ్బ మొదట ఎవరికి తగులుతుందో ఊహించడం కష్టం కాదు.

అమెరికాలో ఇరవై ఏళ్ల ఊగిసలాట

అక్కడ గొడవంతా ఒక నిర్వచనం చుట్టూ తిరిగింది. ఇంటర్నెట్ ఇవ్వడం ఫోను లాంటి ‘టెలికాం సేవ’ అయితే 1934 కమ్యూనికేషన్స్ చట్టం కింద గట్టి నియంత్రణ వర్తిస్తుంది. ‘సమాచార సేవ’ అయితే దాదాపు ఉండదు. 2005లో మాడిసన్ రివర్ అనే చిన్న కంపెనీ ఇంటర్నెట్ కాల్స్‌ను అడ్డుకుని 15,000 డాలర్లు కట్టింది. ఫైళ్లు పంచుకునే బిట్‌టొరెంట్‌ను కామ్‌కాస్ట్ అనే ఐఎస్‌పీ నెమ్మదించిందని అక్కడి నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఇచ్చిన ఉత్తర్వును 2010లో కోర్టు కొట్టేసింది. 2015లో ఎఫ్‌సీసీ ‘టెలికాం సేవ’ అని తేల్చి నిబంధనలు పెట్టింది, 2017లో తీసేసింది, 2024 ఏప్రిల్‌లో మళ్లీ పెట్టింది, 2025 జనవరి 2న సిక్స్త్ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు కొట్టేసింది. చట్టంలోని మాటకు అర్థం చెప్పాల్సింది కోర్టులే తప్ప ఎఫ్‌సీసీ కాదన్నది ఆ తీర్పుకు ఆధారం. ఫలితంగా ఫ్రీమాంట్‌లో ఉన్న తెలుగు కుటుంబానికి కాలిఫోర్నియా రాష్ట్ర చట్టం రక్షణ ఉంది. డాలస్‌లో ఉన్నవాళ్లకు అలాంటిది లేదు.

2017లో నిబంధనలు పోగానే అమెరికాలో ఇంటర్నెట్ కుప్పకూలుతుందని చెప్పినవాళ్లు ఉన్నారు, అది జరగలేదు. నిబంధనలుంటే పెట్టుబడి ఆగిపోతుందని చెప్పినవాళ్లూ ఉన్నారు, అదీ స్పష్టంగా రుజువు కాలేదు.

కంపెనీ కాకుండా ప్రభుత్వమే ఆపితే

మన లైసెన్సులోని తటస్థత షరతు చట్టబద్ధమైన విషయాలకే. ఐటీ చట్టం 69ఎ సెక్షన్ కింద కేంద్రం నిషేధించిన సైటును ఐఎస్‌పీ ఆపితే అది న్యూట్రాలిటీ ఉల్లంఘన కాదు. 2020 జూన్‌లో టిక్‌టాక్ సహా 59 చైనా యాప్‌లను ఆపింది ఈ సెక్షన్ కిందే. ఊరంతటికీ నెట్ ఆపడం మరో అధికారం. దానికి 2017లో విడిగా నిబంధనలు వచ్చాయి. ఇప్పుడు 2023 టెలికాం చట్టంలోని 20వ సెక్షన్, 2024 నిబంధనలు ఉన్నాయి.

2022 మే 24న జిల్లా పేరు విషయంలో అమలాపురంలో హింస జరిగాక కోనసీమలో మొబైల్ నెట్ ఆపేశారు. ఇళ్ల నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు సిగ్నల్ కోసం ఊళ్లు దాటి వెళ్లారు. పుకార్లు వాట్సాప్‌లో మంటలా పాకే వేళ నెట్ ఆపడం ప్రాణాలు కాపాడుతుందని పోలీసుల మాట. పుకారుతో పాటు దాన్ని ఖండించే నిజమూ ఆగిపోతుందని, బ్యాంకు, ఆసుపత్రి, రేషన్ అన్నీ ఆగుతాయని అవతలివాళ్ల మాట. కశ్మీర్ కేసులో 2020 జనవరి 10న సుప్రీంకోర్టు నిరవధికంగా నెట్ ఆపడం కుదరదని, ఉత్తర్వులను ప్రచురించాలని చెప్పింది. ఆ ఏడాదే ఒక ఉత్తర్వుకు 15 రోజుల గరిష్ఠ గడువు వచ్చింది. గడువు ముగిశాక కొత్త ఉత్తర్వు ఇవ్వకూడదని మాత్రం లేదు. జమ్మూకశ్మీర్‌లో 4జీ పూర్తిగా తిరిగొచ్చింది 2021 ఫిబ్రవరిలో, ఆపేసిన ఏడాదిన్నర తరవాత.

2023 చట్టం లైసెన్సు అన్న ఒప్పందం స్థానంలో ప్రభుత్వ నిబంధనల కింద ఇచ్చే అనుమతిని తెచ్చింది. న్యూట్రాలిటీ అన్న మాట చట్టంలో ఎక్కడా లేదు. ఇన్నాళ్లూ ఆ హామీ బతికింది లైసెన్సు షరతుగానే. కాబట్టి కొత్త అనుమతుల షరతుల్లో అది ఏ రూపంలో ఉంటుందన్నదే ఇక ముందు చూడాల్సింది.

ఫిర్యాదు ఎక్కడ ఆగిపోతుంది

నియంత్రణ మంచిచెడ్డలు చందాదారుడికి చివరికి అనుభవమయ్యేది ఫిర్యాదు దగ్గరే. ట్రాయ్ వ్యక్తిగత ఫిర్యాదులు విచారించదు. మొదట కంపెనీ కాల్ సెంటర్‌లో డాకెట్ నంబరు తీసుకోవాలి. పరిష్కారం నచ్చకపోతే 30 రోజుల్లో ఆ కంపెనీలోనే ఉండే అప్పీలు అధికారి దగ్గరికి వెళ్లాలి. టెలికాం ఫిర్యాదులు వినియోగదారుల కమిషన్‌కు కూడా తీసుకెళ్లవచ్చని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. 2024 నాణ్యతా నిబంధనల ప్రకారం జిల్లా స్థాయిలో 24 గంటలకు మించి సేవ ఆగితే పోస్ట్‌పెయిడ్ వాళ్లకు అద్దెలో తగ్గింపు, ప్రీపెయిడ్ వాళ్లకు గడువు పొడిగింపు ఇవ్వాలి. ప్రకృతి వైపరీత్యాలకు మినహాయింపు ఉంది.

జిల్లా అంతా నెట్ పోతే అందరికీ తెలుస్తుంది. రోజూ రాత్రి తొమ్మిది నుంచి పదకొండు దాకా 100 ఎంబీపీఎస్ ప్యాక్ మీద మూడు ఎంబీపీఎస్ వస్తే, కమిషన్ ముందు చందాదారుడు చూపించగలిగేది కొన్ని స్పీడ్ టెస్ట్ స్క్రీన్‌షాట్లు. తప్పు మీ వైఫైది అని కంపెనీ అంటుంది. అది నిజం కూడా కావచ్చు. ఆ రాత్రి పై లింకు ఎంత నిండిందో చూపించే గ్రాఫు మాత్రం కంపెనీ కంప్యూటర్‌లో ఉంటుంది, చందాదారుడికి చూపించరు.